రాజమౌళి సెంటిమెంటూ, మోకాలి నొప్పీ

తెలుగు సినిమా పరిశ్రమలో సెంటిమెంట్లకు కొదవ లేదు. వాటిలో బాగా నలిగినది ఒకటుంది: రాజమౌళితో పెద్ద హిట్ కొట్టిన హీరోకి ఆ వెంటనే వచ్చే సినిమా పోతుందట. నమ్మేవాళ్ల దగ్గర జాబితా సిద్ధంగా ఉంటుంది. 2003లో 'సింహాద్రి' ఆడింది, వెంటనే జూనియర్ ఎన్టీఆర్‌కు 'ఆంధ్రావాలా' తగిలింది. 2005 నాటి 'ఛత్రపతి' తర్వాత ప్రభాస్‌కు 'పౌర్ణమి' వచ్చింది. 2009లో 'మగధీర' రికార్డులు తిరగరాశాక రామ్‌చరణ్ నుంచి 'ఆరెంజ్' వచ్చింది. 2022లో 'ఆర్ఆర్ఆర్' విడుదలై నెల తిరిగిందో లేదో 'ఆచార్య' థియేటర్లకు వచ్చి, వచ్చినంత వేగంగా వెళ్లిపోయింది. చివరికి 2024లో 'దేవర'కు వసూళ్లు రావడంతో ఎన్టీఆర్ అభిమానులు శాపవిమోచనం జరిగిందని పండగ చేసుకున్నారు.

ఈ జాబితాను పుకారని కొట్టిపారేయడానికి లేదు. సినిమాలూ నిజమే, ఫలితాలూ నిజమే. పేచీ అంతా కారణం దగ్గరే. ఇలాంటి పేచీలు మన చుట్టూ ఇంకా ఉన్నాయి. మోకాలి నొప్పి ముదిరి అడుగు తీసి అడుగు వేయలేని రోజున ఎవరో చెప్పిన తైలం రాస్తారు. వారం తిరిగేసరికి నొప్పి నెమ్మదిస్తుంది. తైలం పేరు వీధంతా పాకుతుంది. యూనిట్ టెస్టులో మార్కులు ఘోరంగా వచ్చిన పిల్లవాడికి ఇంట్లో నాలుగు తగిలిస్తారు, తర్వాతి టెస్టులో మెరుగుపడతాడు, దెబ్బ పనిచేసిందంటారు. వరసగా ఓడుతున్న జట్టుకు కెప్టెన్‌ను మారుస్తారు, గెలుపు మొదలవుతుంది. శాపం, తైలం, దెబ్బ, కొత్త కెప్టెన్: పైకి చూస్తే ఒకదానితో ఒకదానికి పొంతన లేని విషయాలు. అయినా నాలుగింటి వెనకా ఉన్న లెక్క ఒకటే. ఆ లెక్క తెలిస్తే, వీటికి మనం కట్టబెడుతున్న పేరులో పెద్ద భాగం వీటిది కాదని, ఎవరూ ఏమీ చేయకపోయినా జరిగి ఉండే మార్పుదని అర్థమవుతుంది. గణాంక శాస్త్రజ్ఞులు దీన్ని 'రిగ్రెషన్ టు ద మీన్' అంటారు. మనం సగటు వైపు మళ్లడం అనుకుందాం.

తెలివి వెంట వస్తుంది, అదృష్టం రాదు

వంద మంది విద్యార్థులకు వంద ప్రశ్నల పరీక్ష పెట్టారనుకోండి. ప్రతి ప్రశ్నకూ తప్పు, ఒప్పు అని రెండే జవాబులు. ప్రశ్నపత్రం ఎవరికీ తెలియని లిపిలో ఉంది కాబట్టి అందరూ గుడ్డిగా టిక్కులు పెట్టాల్సిందే. సగటున ఒక్కొక్కరికీ 50 మార్కులు రావాలి. కానీ అందరికీ కచ్చితంగా 50 రావు. చాలామంది 40కీ 60కీ మధ్య చెల్లాచెదురుగా ఉంటారు. పైనున్న పదిమందిని విడదీస్తే వాళ్ల సగటు 58, 59 దగ్గర తేలుతుంది. అడుగున ఉన్న పదిమందిది 41, 42 దగ్గర ఆగుతుంది. ఈ ఇరవై మందికీ మర్నాడు అలాంటి పరీక్షే మళ్లీ పెడితే రెండు గుంపుల సగటూ 50 దగ్గరకు వచ్చేస్తుంది. పైవాళ్లు రాత్రికి రాత్రి బద్ధకించలేదు, కిందివాళ్లు దీపం పెట్టుకుని చదవలేదు. అయితే మధ్యలో కిందివాళ్ల చేతులకు తాయెత్తులు కట్టి ఉంటే, ఎనిమిది తొమ్మిది మార్కులు పెంచిన తాయెత్తుగా దానికి పేరొచ్చేది. పైవాళ్లకు శాలువాలు కప్పి ఉంటే, సన్మానాలు పిల్లల్ని పాడుచేస్తాయని తేల్చేవాళ్లం.

నిజమైన పరీక్షలు ఇంత గుడ్డివి కావు. వాటిలో చదువూ ఉంటుంది, ఆ రోజు కలిసొచ్చినదీ ఉంటుంది. చదివిన పాఠంలోంచే ప్రశ్న రావడం, తలనొప్పి లేకపోవడం, దిద్దినవాళ్లు ఆ పూట ఉదారంగా ఉండటం కలిసొచ్చే రకం. తరగతిలో మొదటి స్థానంలో నిలిచిన విద్యార్థిలో సాధారణంగా రెండూ ఉంటాయి: మిగతావాళ్ల కంటే ఎక్కువ చదువు, మిగతావాళ్ల కంటే ఎక్కువ అదృష్టం. ఎందుకంటే మొదటి స్థానం ఎవరిదని వెతికినప్పుడు మనం తెలియకుండానే అదృష్టవంతులను కూడా ఏరుతున్నాం. తర్వాతి పరీక్షకు చదువు వెంట వస్తుంది. అదృష్టాన్ని మాత్రం ఆ రోజు మళ్లీ కొత్తగా పంచుతారు. అందుకే మొదటి ర్యాంకర్ రెండోసారి కూడా బాగానే రాసినా, మొదటిసారంత బాగా రాసే అవకాశం తక్కువ. చివరి స్థానంలో ఉన్నవాడికి ఇదే తిరగబడి పనిచేస్తుంది. ఫలితంలో అదృష్టం వాటా ఎంత ఎక్కువైతే ఈ మళ్లడం అంత ఎక్కువ. నైపుణ్యం వాటా పెరిగే కొద్దీ అది తగ్గుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు అర్థానికి తావుంది. ఇంత అదృష్టం కలిసొచ్చింది కాబట్టి ఇక దురదృష్టం బాకీ తీరాలని ఈ లెక్క చెప్పడం లేదు. అది జూదగాడి నమ్మకం. ఎవరి ఖాతాలోనూ బాకీ లేదు. రెండోసారి ఫలితం మామూలుగా ఉంటుందని మాత్రమే ఇది చెబుతుంది. శిఖరం మీదున్నవాడికి మామూలు కూడా పతనంలా కనిపిస్తుంది, అంతే.

శాపం ఎక్కడ మొదలైంది

ఒక సినిమా వందల కోట్లు రాబట్టాలంటే ఎన్నో కుదరాలి. కథ, పాటలు, ఎడిటింగ్ సరే. విడుదలైన వారం, ఎదురుగా ఉన్న పోటీ సినిమా, పరీక్షల కాలం, వానలు, ప్రేక్షకుడికి ఆ ఏడాది దేని మీద మోజు ఉందన్న సంగతి, ఇవేవీ హీరో చేతిలో ఉండవు. బ్లాక్‌బస్టర్ అంటేనే ఇవన్నీ ఒకే వైపు వాలిన సందర్భం. ఆ సందర్భాన్ని గుర్తుగా పాతి, దాని పక్కనున్న సినిమాను చూస్తే అది చిన్నదిగా కనిపించక తప్పదు. రాజమౌళి పేరు ఇందులో చేరడానికి కారణం ఆయన సినిమాలు ఆ హీరోల కెరీర్‌లో ఎత్తైన గుర్తులు కావడమే. ఎత్తు ఎవరు తీసుకొచ్చినా కథ ఇంతే. 2006లో 'పోకిరి'తో మహేశ్‌బాబు అప్పటి రికార్డులన్నీ దాటారు. అదే ఏడాది చివర్లో 'సైనికుడు' వచ్చి నిరాశపరిచింది. 'పోకిరి' దర్శకుడు పూరి జగన్నాథ్ మీద మాత్రం ఎవరూ శాపం మోపలేదు. పైగా మన దగ్గర విడుదలయ్యే సినిమాల్లో పెట్టుబడి తిరిగి తెచ్చుకునేవి ఎప్పుడూ తక్కువే. కాబట్టి ఏ హిట్ తర్వాతనైనా ఫ్లాప్ రావడానికి ప్రత్యేకమైన కారణం వెతకనక్కర్లేదు. సెంటిమెంట్ జాబితా రాసేవాళ్లు ఒక సంగతి చెప్పకుండా దాటేస్తారు: 2015లో 'బాహుబలి' మొదటి భాగం తర్వాత ప్రభాస్‌కు వచ్చిన సినిమా 'బాహుబలి' రెండో భాగమే.

ఈ భయం మనకొక్కరికే సొంతం కాదు. అమెరికాలో 'స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్' పత్రిక ముఖచిత్రంగా వచ్చిన ఆటగాడికి ఆ వెంటనే కీడు జరుగుతుందని దశాబ్దాలుగా ఒక నమ్మకం. 1954 ఆగస్టులో వచ్చిన తొలి సంచిక మీద ఎడీ మాథ్యూస్ అనే బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ వేశారు. కొద్ది రోజులకే అతని చేతికి గాయమై కొన్ని ఆటలకు దూరమయ్యాడు. నమ్మకం ఎంత బలపడిందంటే, 2002 జనవరిలో ఆ పత్రికే దీని మీద కథనం రాసి, ముఖచిత్రానికి నల్లపిల్లితో ఫొటో దిగమని ఫుట్‌బాల్ ఆటగాడు కర్ట్ వార్నర్‌ను అడిగితే ఆయన ఒప్పుకోలేదు. చివరికి పిల్లి ఒక్కదాని బొమ్మే వేశారు. ఆలోచిస్తే సంగతి తేలికే. ఆటగాడు జీవితంలోకెల్లా ఉత్తమమైన వారాల్లో ఉన్నప్పుడే కదా పత్రిక అతని బొమ్మ వేస్తుంది!

క్రికెట్ అంకెల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2016 ఐపీఎల్‌లో విరాట్ కోహ్లీ నాలుగు సెంచరీలతో 973 పరుగులు చేశాడు. సగటు 81 దాటింది. 2017లో పది మ్యాచ్‌లాడి 308 పరుగులు చేశాడు, సగటు 30.8. భుజం గాయం వల్ల ఆ ఏడాది మొదట్లో ఆడలేదన్నది నిజమే. కానీ గాయం లేకపోయినా 81ని ఎవరు నిలబెట్టగలరు? ఐపీఎల్‌లో ఆయన మొత్తం ప్రయాణం చూస్తే సగటు నలభైకి కాస్త లోపల ఉంటుంది. 81 ఎంత అసాధారణమో, 30 అంత సాధారణం. అదే 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్ కెప్టెన్ డేవిడ్ వార్నర్ 848 పరుగులు చేసి కప్పు తెచ్చాడు. మరుసటి ఏడాది 641కి దిగాడు. రెండు వందలకు పైగా తగ్గినా ఆ సీజన్‌లో అందరికంటే ఎక్కువ పరుగులు అతనివే. కాబట్టి మళ్లడం అంటే అందరూ ఒకే నేలకు పడిపోవడం అనుకోకూడదు. ఎవరి సగటుకు వాళ్లు మళ్లుతారు. వార్నర్ సగటే ఎత్తులో ఉంది.

బాక్స్: గాల్టన్ కొలిచిన ఎత్తులు

ఈ లెక్కను మొదట పట్టుకున్నది ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్. 205 జంటల తల్లిదండ్రుల ఎత్తులు, వాళ్లకు పుట్టి ఎదిగిన 928 మంది సంతానం ఎత్తులు సేకరించి 1886లో ప్రచురించాడు. ఆడవాళ్ల ఎత్తును మగవాళ్ల ఎత్తుతో సరిపోల్చడానికి 1.08తో హెచ్చించాడు. బాగా పొడవైన తల్లిదండ్రులకు పొడవైన పిల్లలే పుట్టారు, కానీ తల్లిదండ్రులంత పొడవు కాదు. సగటు కంటే తల్లిదండ్రులు మూడంగుళాలు ఎక్కువుంటే పిల్లలు దాదాపు రెండంగుళాలు ఎక్కువున్నారు. పొట్టివాళ్ల పిల్లలూ అలాగే సగటు వైపు జరిగారు. మరి ఇలా తరతరానికీ జరుగుతూ పోతే ఏదో ఒకనాటికి మనుషులందరూ ఒకే ఎత్తుకు రావాలి కదా? రారు. మధ్యరకం తల్లిదండ్రులే లోకంలో ఎక్కువ; వాళ్లకు పుట్టినవాళ్లలో కొందరు చాలా పొడవూ కొందరు చాలా పొట్టీ అవుతారు. ఖాళీ అయిన చోట్లు అలా నిండుతుంటాయి. ఇంకో విచిత్రం: లెక్కను తిరగేసి, బాగా పొడవైన పిల్లలను ముందు ఏరి వాళ్ల తల్లిదండ్రుల ఎత్తు చూసినా, తల్లిదండ్రులే సగటుకు దగ్గరగా కనిపిస్తారు. పిల్లల ఎత్తు వెనక్కి వెళ్లి తల్లిదండ్రులను పొట్టి చేయలేదు కదా. కాబట్టి ఇది ఎవరో లాగే శక్తి కాదు. ఒక చివర నిలబడి రెండో వైపు చూసినప్పుడు తప్పనిసరిగా కనిపించే దృశ్యం.

తిట్టు ఎందుకు గెలుస్తుంది

1960ల మధ్యలో ఇజ్రాయెల్ వైమానిక దళంలో పైలట్లకు శిక్షణ ఇచ్చేవాళ్లకు డానియెల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠం చెబుతున్నాడు. తర్వాతి కాలంలో, 2002లో, ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నది ఈయనే. నేర్చుకునేవాళ్లకు తిట్ల కంటే మెచ్చుకోలు మేలు చేస్తుందన్నది ఆ రోజు ఆయన చెప్పిన విషయం. అనుభవజ్ఞుడైన ఒక శిక్షకుడు లేచి ఒప్పుకోనన్నాడు. విన్యాసం అద్భుతంగా చేసినవాణ్ణి మెచ్చుకుంటే మరుసటిసారి తప్పకుండా చెడగొడతాడు, ఘోరంగా చేసినవాణ్ణి అరిచి తిడితే మరుసటిసారి బాగా చేస్తాడు, కాబట్టి మెచ్చుకోలు మేలన్న మాట ఎత్తొద్దన్నాడు. ఆ శిక్షకుడు చూసింది అబద్ధం కాదు, రోజూ కళ్ల ముందు జరిగేదే. అయితే అద్భుతమైన విన్యాసం తర్వాత మామూలుది రావడం, ఘోరమైనదాని తర్వాత మామూలుది రావడం తిట్టకపోయినా, మెచ్చుకోకపోయినా జరిగేవే. కానమన్ వెంటనే నేల మీద ఒక గుర్తు గీసి, శిక్షకులందరినీ వెనక్కి తిరిగి చూడకుండా రెండేసిసార్లు నాణెం విసరమన్నాడు. మొదటిసారి దగ్గరగా వేసినవాళ్లు రెండోసారి చాలావరకు దూరం వేశారు, దూరం వేసినవాళ్లు దగ్గరపడ్డారు. అక్కడ తిట్టేవాళ్లూ లేరు, పొగిడేవాళ్లూ లేరు.

ఈ ఉదంతం నుంచి కానమన్ తీసిన ముగింపు కాస్త దిగులు పుట్టించేది. మనం బాగా చేసినవాళ్లను మెచ్చుకుంటాం, చెడగొట్టినవాళ్లను తిడతాం. మొదటిదాని తర్వాత సహజంగానే తగ్గుదల వస్తుంది, రెండోదాని తర్వాత సహజంగానే మెరుగుదల వస్తుంది. అంటే లోకం మన మంచితనాన్ని శిక్షిస్తూ, కటువుతనాన్ని సన్మానిస్తున్నట్టు కనిపిస్తుంది. తరతరాల పంతుళ్లు, తల్లిదండ్రులు, ఆఫీసు మేనేజర్లు బెత్తం మీద నమ్మకం ఎందుకు వదులుకోలేకపోయారో ఇందులో కొంత జవాబుంది. వాళ్లు క్రూరులు కానక్కర్లేదు. కళ్ల ముందు కనిపించిన సాక్ష్యమే వాళ్లను తప్పుదోవ పట్టించింది. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఆ చట్టం వచ్చి ఇన్నేళ్లయినా 'మా కాలంలో నాలుగు తగిలిస్తే దారికొచ్చేవాళ్లం' అనే మాట వినిపిస్తూనే ఉంది. దెబ్బ తగిలింది ఎప్పుడు? మార్కులు అట్టడుగున ఉన్నప్పుడు. అక్కడి నుంచి ఇక పైకే కదా పోవాలి.

నొప్పి శిఖరానికి చేరిన రోజు

ఆరోగ్యం విషయంలో ఈ లెక్క ఇంకా లోతుగా పనిచేస్తుంది, నష్టమూ ఎక్కువ చేస్తుంది. మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి, మైగ్రేన్, ఎలర్జీ, ఉబ్బసం లాంటివి రోజూ ఒకేలా ఉండవు. కొన్ని వారాలు పడుకుని ఉంటాయి, కొన్ని రోజులు లేచి ఆడిస్తాయి. మనిషి వైద్యం కోసం బయల్దేరేది ఎప్పుడు? నొప్పి ఓర్చుకోగలిగిన రోజున ఎవరూ కదలరు. భరించలేని రోజునే ఆస్పత్రికో, మూలికల దుకాణానికో, సూదులు గుచ్చే చోటికో వెళతారు. అంటే ప్రతి వైద్యం తన పనిని రోగి శిఖరం మీదున్న రోజున మొదలుపెడుతుంది. ఆ తర్వాత ఏం వాడినా, ఏమీ వాడకపోయినా, చాలామందికి వచ్చే వారం ఈ వారం కంటే తేలిక. రోగి తన ఒంటి మీదే చూశానంటాడు, వైద్యుడు తన రోగుల్లో చూశానంటాడు. ఇద్దరూ నిజాయితీగానే చెబుతారు. రక్తపోటు ఒకసారి ఎక్కువ చూపించగానే మాత్రలు రాసేయకుండా మళ్లీ మళ్లీ కొలవమనడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. మొదటి అంకె ఎత్తుగా ఉంటే రెండోది కాస్త దిగే అవకాశమే ఎక్కువ.

దీనికి దగ్గరి చుట్టం ఇంకోటుంది: జబ్బు తనంతట తాను నయం కావడం. జలుబు వారం పది రోజుల్లో పోతుంది. మందు వాడితే వారం, వాడకపోతే ఏడు రోజులని మనవాళ్లు వేళాకోళం చేసేది అందుకే. 2021 మే నెలలో కరోనా రెండో అల ఉద్ధృతంగా ఉన్నప్పుడు నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది బారులు తీరారు. ప్రభుత్వం కంటి చుక్కలు మినహా మిగతా మందుల పంపిణీకి ఆ నెలాఖరున అనుమతించింది. మందు తీసుకుని కోలుకున్నామన్నవాళ్లు ఎందరో. కానీ కరోనా సోకినవాళ్లలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకునే జబ్బు అది. అలాంటి జబ్బులో కోలుకున్నవాళ్ల సాక్ష్యం ఎంత పెద్ద గుట్ట పోసినా మందు పనిచేసిందనో, చేయలేదనో తేల్చడానికి ఉపయోగపడదు. ఆ మందు తీసుకోని అలాంటి రోగులే ఎంతమంది, ఎన్ని రోజుల్లో కోలుకున్నారో పక్కన పెడితేనే మాట నిలుస్తుంది.

ఆధునిక వైద్యానికి కూడా ఈ తెలివి ఆలస్యంగానే వచ్చింది. 1955లో హెన్రీ బీచర్ అనే అమెరికన్ వైద్యుడు 15 అధ్యయనాలను కలిపి చూసి, మందు లేని ఉత్తి మాత్రతోనే దాదాపు 35 శాతం మందికి ఉపశమనం కలిగిందని రాశాడు. నమ్మకానికే అంత శక్తి ఉందని ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. అసలు మాత్రే ఇవ్వకపోతే ఎంతమందికి తగ్గి ఉండేదన్న ప్రశ్న మాత్రం వెనకబడిపోయింది. 2001లో డెన్మార్క్‌లోని ఇద్దరు పరిశోధకులు ఆ ప్రశ్నే వేశారు. ఉత్తి మాత్ర ఇచ్చినవాళ్లనూ ఏమీ ఇవ్వనివాళ్లనూ పోల్చిన 114 అధ్యయనాలు తీసి చూస్తే, నొప్పి లాంటి రోగి స్వయంగా చెప్పే విషయాల్లో కొద్దిపాటి తేడా తప్ప పెద్దగా ఏమీ కనిపించలేదు. నమ్మకం మహిమగా చెప్పుకున్నదానిలో చాలా భాగం సగటు వైపు మళ్లడమూ, సహజంగా తగ్గడమూ అన్నమాట.

అసలు మందును ఈ గందరగోళంలోంచి విడదీసేదెలా? బ్రిటన్‌లో క్షయ మీద స్ట్రెప్టోమైసిన్‌ను పరీక్షించి 1948లో ఫలితాలు ప్రచురించినవాళ్లు దారి చూపించారు. 107 మంది రోగుల్లో ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో వైద్యుడి ఇష్టానికి వదలకుండా ముందే యాదృచ్ఛికంగా నిర్ణయించారు. 55 మందికి మందూ విశ్రాంతీ, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలల్లో మొదటి గుంపులో నలుగురు, రెండో గుంపులో 14 మంది చనిపోయారు. ఎక్స్‌రేలో చెప్పుకోదగ్గ మెరుగుదల మొదటి గుంపులో 51 శాతం మందికి కనిపించింది, రెండో గుంపులో 8 శాతం మందికి. ఆ 8 శాతమే ఇక్కడ అసలు విషయం. మందు లేకుండా కూడా కొందరు మెరుగుపడ్డారు. సగటు వైపు మళ్లడం రెండు గుంపుల్లోనూ ఒకేలా జరుగుతుంది కాబట్టి, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే మిగిలేది మందు చేసిన పని.

మరి శిక్షణ, మందు, పట్టుదల అన్నీ వట్టివేనా?

ఈ వాదన విన్నవాళ్లు వెంటనే అడిగే మాట ఇది. అన్నీ అదృష్టమే అయితే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు కదా అంటారు. కానీ స్ట్రెప్టోమైసిన్ పనిచేసింది. వార్నర్ మూడు సీజన్లలో అత్యధిక పరుగుల ఆరెంజ్ క్యాప్ అందుకున్నాడు. 2001 నుంచి ఫ్లాప్ ఎరగని దర్శకుడన్న పేరు రాజమౌళికి ఉంది. హీరోలు సగటుకు మళ్లుతున్నా ఆయన ఎత్తులోనే ఉన్నారంటే ఆయన సగటులో నైపుణ్యం వాటా ఎంతో అది చెబుతుంది. సగటు వైపు మళ్లడం నైపుణ్యాన్ని తోసిపుచ్చదు. ఒక్క గొప్ప ఫలితాన్నో, ఒక్క ఘోర ఫలితాన్నో చూసి నైపుణ్యాన్ని కొలవొద్దంటుంది. కొలవాలంటే పొడవైన రికార్డు కావాలి.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది. పెద్ద హిట్ తర్వాత హీరో మీద అంచనాలు పెరుగుతాయి, పారితోషికం పెరుగుతుంది, కథ ఎంపికలో ధీమా వస్తుంది, కొనుగోలుదారులు ఎక్కువ పెట్టి కొని నష్టపోతారు. ఇవి నిజమైన కారణాలే కదా? నిజమైనవే. అయితే వాటి వంతు ఎంతో తేల్చాలంటే ముందు ఏ కారణమూ లేకుండానే రాబోయే తగ్గుదల ఎంతో తీసేయాలి. మనం చేసేది దీనికి తలకిందులు. మొత్తం తగ్గుదలను ధీమా ఖాతాలోనో, శాపం ఖాతాలోనో వేసేస్తాం. ఫుట్‌బాల్ కోచ్‌ల విషయంలో నెదర్లాండ్స్ ఆర్థికవేత్తలు సరైన పద్ధతి పాటించారు. సీజన్ మధ్యలో వరసగా ఓడిపోయి కోచ్‌ను పంపేసిన జట్లు మెరుగుపడిన మాట నిజమే. అంతే ఘోరంగా ఓడినా కోచ్‌ను ఉంచుకున్న జట్లను వెతికి పక్కన పెడితే, అవీ దాదాపు అంతే మెరుగుపడ్డాయి.

చదువుకున్నవాళ్లకు ఇవన్నీ తెలుసనుకుంటే అదీ భ్రమే. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన హొరేస్ సెక్రిస్ట్ అనే ఆచార్యుడు 1933లో ఒక లావుపాటి పుస్తకం వేశాడు. బాగా లాభాలు తెచ్చుకున్న వ్యాపారాలను ఎంచి ఏళ్ల తరబడి గమనిస్తే అవి మధ్యరకానికి దిగుతున్నాయని, నష్టాల్లో ఉన్నవి మధ్యరకానికి ఎక్కుతున్నాయని, పోటీ వ్యవస్థ అందర్నీ ఒక మూసలోకి తోస్తోందని తేల్చాడు. గణాంక శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ హోటెలింగ్ దాన్ని సమీక్షిస్తూ, ఇందులో వ్యాపారం గురించిన కొత్త సత్యమేమీ లేదని, చివరి ఏడాది లాభాలను బట్టి ఏరి వెనక్కి చూసుకుంటూ పోతే ఇదే బొమ్మ తిరగబడి కనిపిస్తుందని చూపించాడు. గాల్టన్ పిల్లల ఎత్తుల్లో కనిపించిన విచిత్రమే ఇది.

మలుపు దగ్గర స్పీడ్ బ్రేకర్

ప్రభుత్వాలు ప్రజల డబ్బు ఖర్చుపెట్టేటప్పుడు కూడా ఈ లెక్క గుర్తుండాలి. రోడ్డు మీద ఒక మలుపులో ఈ ఏడాది ప్రమాదాలు పెరిగి పత్రికలకెక్కితే అక్కడ స్పీడ్ బ్రేకర్ వేస్తారు, హెచ్చరిక బోర్డు పెడతారు, కొన్నిచోట్ల శాంతి పూజలూ చేస్తారు. మరుసటి ఏడాది ప్రమాదాలు తగ్గుతాయి. ఇంజనీరు స్పీడ్ బ్రేకర్ వల్ల అంటాడు, పూజ చేయించినవాళ్లు పూజ వల్ల అంటారు. ఇద్దరి చేతిలోనూ ఉన్న సాక్ష్యం ఒకటే, కాబట్టి ఆ ఒక్క సాక్ష్యంతో ఎవరినీ గెలిపించలేం. స్పీడ్ బ్రేకర్ వాహనం వేగాన్ని తగ్గిస్తుందని మనకు వేరే దారిలో తెలుసు. కానీ తగ్గిన ప్రమాదాల్లో ఎన్ని దాని పుణ్యం అన్నది వేరే ప్రశ్న. జాతీయ రహదారుల మీద బ్లాక్ స్పాట్‌ను గుర్తించడానికి కేంద్ర రవాణా శాఖ పెట్టుకున్న కొలత ఈ విషయంలో కొంత నయం. సుమారు 500 మీటర్ల మేర గత మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో ప్రాణాలు పోయిన లేదా తీవ్రంగా గాయపడిన ప్రమాదాలు ఐదు జరిగినా, పది మరణాలు సంభవించినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. ఒక్క ఏడాదికి బదులు మూడేళ్లు తీసుకోవడం వల్ల, కేవలం దురదృష్టం కొద్దీ ఒక ఏడాది చెడ్డపేరు తెచ్చుకున్న మలుపులు కొన్ని వడపోతలో పోతాయి.

కొన్నే పోతాయి. మూడేళ్లలో ఐదు అంటే ఇంకా చిన్న అంకే. నాలుగు జరిగిన చోటికీ ఐదు జరిగిన చోటికీ మధ్య తేడా రోడ్డుదో, ఒక లారీ డ్రైవర్ కునికిపాటుదో చెప్పడం కష్టం. మరమ్మతు చేసిన మలుపుల పక్కనే, అంతే చెడ్డ రికార్డు ఉండి నిధులు చాలక మరమ్మతు వాయిదా పడిన మలుపులు ఏ జిల్లాలోనైనా ఉంటాయి. రెండు రకాల చోట్లా తర్వాతి మూడేళ్లు ఎన్ని ప్రమాదాలు జరిగాయో పోలీస్ స్టేషన్ల రికార్డుల్లోనే ఉంటుంది. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతో, మరమ్మతుకు దక్కాల్సిన పేరు అంత.